హేల్ మహాశయుని దర్పణములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చికాగో నగరము 1871వ సంవత్సరము అక్టోబరు మాసములో గొప్ప అగ్నిప్రమాదమునకు గురియయ్యెను. కొయ్యతో కట్టిన ఇండ్లు వేలకొలదిగా కాలి బూడిదయ్యెను. ఆ బూడిదపై మరల లేచిన నగరములో ఇటుకతోను ఉక్కుతోను ఎత్తైన మేడలు వెలసెను. పది అంతస్తుల మేడను దినమునకు నాలుగుసారులు మెట్లమీద ఎక్కి దిగుట ఎవరికి సాధ్యము? అందుచే మనుష్యులను పైకి చేర్చు లిఫ్టులకు గిరాకి హెచ్చెను. వానిని అమర్చు వ్యాపారములో విలియమ్ ఎల్లరీ హేల్ అను వర్తకుడు విశేషముగా ధన మార్జించెను. ఆయన కుమారుడే జార్జి ఎల్లరీ హేల్. ఆయా కాలములలో ప్రపంచమునకు పెద్దవియని పేరు వడసిన దూరదర్శినులను ఒకటి కాదు, నాలుగింటిని తలపెట్టినవాడు ఈయనయే.

జార్జి 1868వ సంవత్సరము జూన్ 29వ తేదీన జన్మించెను. చిన్నతనమున బలహీనుడు. తరచు జబ్బుపడుచుండుటచే తల్లి అతనిని కనిపెట్టుకొని యుండెడిది. తండ్రి మాత్రము బాలుని కుతూహలమునకు ఎన్నడును అడ్డు చెప్పలేదు. పనిముట్లు కొనియిచ్చెను, ఇంటిలోనే ఒక చిన్న కర్మశాల ఏర్పరచెను. ధనవంతుల బిడ్డలకు అడిగినవెల్ల లభించుట వింత కాదు. కాని ఈ బాలుడు అడిగినవి ఆటవస్తువులు కావు, సూక్ష్మదర్శినులు, కటకములు, వర్ణపటదర్శినులు. తానే ఒక దూరదర్శినిని చేసికొని, అది సరిగా పనిచేయక విచారించుచుండగా, బర్న్‌హామ్ అను పెద్దమనుష్యునితో పరిచయము కలిగెను. ఆయన పగలు న్యాయస్థానములో కొలువు చేయుచు, రాత్రులు జంటనక్షత్రములను వెదకుచు కీర్తిగాంచినవాడు. ఆయన సలహాపై తండ్రి నాలుగంగుళముల కటకముగల మంచి దూరదర్శినిని కొనియిచ్చెను. 1882వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను ఆ పదునాలుగేండ్ల బాలుడు తన ఇంటికప్పుమీదనుండి చూచెను. అట్టి దృశ్యము మరల 2004వ సంవత్సరమువరకు ఎవ్వరికిని కనబడలేదు.

1886లో హేల్ మసచ్యూసెట్స్ సాంకేతిక విద్యాలయమున చేరెను. ఆ సంవత్సరమే మరియొక విశేషము జరిగెను. దానికిని హేల్‌నకును అప్పటికి ఏ సంబంధమును లేదు. అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్ అను యువకుడును, ఫ్రాన్సులో హెరూ అను యువకుడును, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, అల్యూమినియమ్ లోహమును విద్యుచ్ఛక్తితో చౌకగా తీయు పద్ధతిని కనుగొనిరి. అంతకుముందు ఆ లోహము రాజుల భోజనపళ్ళెములకు తగినంత అపురూపమైనది. తరువాతి కాలమున అదియే మన వంటయిండ్లలో సత్తుగిన్నె యను పేర సామాన్యమైపోయెను. హేల్ కట్టించిన గొప్ప దర్పణములకు తుదకు ప్రాణముపోసినది ఈ సామాన్యలోహమే. ఆ కథ ముందు రాగలదు.

విద్యార్థిగా నుండగనే హేల్‌నకు ఒక ఆలోచన తోచెను. 1889లో చికాగోలో ట్రాముబండిపై పోవుచుండగా అది మెరుపువలె మనస్సునకు తట్టినదట. సూర్యుని వెలుగులో అన్ని రంగులును కలసి కన్నులు మిరుమిట్లు గొలుపును. అందులో ఒకే వర్ణరేఖను, ఉదాహరణకు కాల్షియమ్ ఆవిరి వెలువరించు రేఖను మాత్రము, వేరుచేసి దానితో సూర్యుని ఛాయాచిత్రము తీసినచో, ఆ ఆవిరి సూర్యునిపై ఎక్కడెక్కడ కమ్మియున్నదో తెలిసిపోవును. ఇట్టి యంత్రమును ఆయన స్వయముగా నిర్మించి విజయము పొందెను. పరీక్షలలో ఉత్తీర్ణుడైన రెండుదినములకే ఎవలీనా అను కన్యను వివాహమాడెను. నూతనవధువుతో చేసిన యాత్రలో కాలిఫోర్నియాయందలి లిక్ వేధశాలకును పోయెను.

తండ్రి చికాగోలో కట్టించి యిచ్చిన చిన్న వేధశాలతో ఆయన తృప్తి చెందలేదు. 1892లో ఒక శాస్త్రజ్ఞుల సభలో, కొనువారు డబ్బు చెల్లింపలేక విడిచిపోయిన రెండు పెద్ద గాజుబిళ్ళలు కటకములు చేయువారి యొద్ద పడియున్నవని వినెను. అప్పటికాయన వయస్సు ఇరువదినాలుగు. చికాగోలో ట్రాములు నడపి కోటీశ్వరుడైన యెర్క్స్ అనువాని యొద్దకు పోయి, ప్రపంచములో పెద్దదైన దూరదర్శిని మీ పేర వెలయునని ఒప్పించెను. ధనవంతుల గర్వమును సైతము విజ్ఞానమునకు ఉపకరింపజేయుట ఒక విద్య. ఆ విద్యలో హేల్‌ను మించినవారు అరుదు. 1897లో విస్కాన్సిన్ రాష్ట్రమున నలువది అంగుళముల కటకముగల దూరదర్శిని వెలసెను. ఖగోళ పరిశోధనకై అంతకంటె పెద్ద కటకమును తరువాత నెవ్వరును నిర్మింపలేదు.

ఎందుకు నిర్మింపలేదో తెలిసికొనదగును. కటకము గుండా వెలుగు పోవలెను. కనుక దానిని అంచుల యొద్ద మాత్రమే పట్టి నిలుపవలెను. పెద్దదగుకొలది తన బరువునకు తానే వంగిపోవును. అంతమందముగల గాజు కొంత వెలుగును మ్రింగివేయును. పుటాకార దర్పణమున కీ దోషములు లేవు. వెలుగు గాజులోనికి పోనేపోదు. పైతలమును తాకి మరలిపోవును. దర్పణమును వెనుకనుండి ఎన్నిచోట్లనైన ఆనించి నిలుపవచ్చును. ఇది గ్రహించి హేల్ కటకములను విడిచి దర్పణముల వైపు మరలెను. తండ్రి మరణమునకు ముందే ఫ్రాన్సు దేశమునుండి అరువది అంగుళముల గాజుబిళ్ళను తెప్పించి కుమారునకు కానుకగా నిచ్చెను. దానిని నిలుపుటకు చోటును ధనమును లేక అది కొన్ని యేండ్లు ఊరక పడియుండెను.

కార్నెగీ సంస్థ ధనసహాయము చేయగా, 1904లో కాలిఫోర్నియాలో సుమారు 5700 అడుగుల ఎత్తుగల విల్సన్ పర్వతముపై నూతన వేధశాల వెలసెను. ఆ కొండకు అప్పుడు సరియైన బాటయైన లేదు. ఇనుపకమ్ములును పనిముట్లును కంచరగాడిదల వీపులమీద పైకెక్కెను. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమును భూకంపము నేలమట్టము చేసినప్పుడు, ఆ నగరపు కర్మాగారములోనే తయారగుచున్న దూరదర్శిని భాగములు దైవికముగా చెడకుండెను. 1908లో అరువది అంగుళముల దర్పణము ఆకాశమును చూచెను. ఆ సంవత్సరమే హేల్ తన జీవితములోనెల్ల గొప్పదియైన పరిశోధన చేసెను. సూర్యునిపై కనబడు నల్లమచ్చలలోనుండి వచ్చు వెలుగునందు వర్ణరేఖలు చీలియుండుటను గమనించి, ఆ మచ్చలు బలమైన అయస్కాంత క్షేత్రములని ఋజువు చేసెను. భూమికి వెలుపల అయస్కాంతశక్తి కలదని మానవుడు మొదట తెలిసికొనినది అప్పుడే.

అరువది అంగుళముల దర్పణము ఇంకను పూర్తికాకముందే ఆయన నూరంగుళముల దర్పణమును తలపెట్టెను. హుకర్ అను ఇనుపవర్తకుడు 1906లో 45,000 డాలర్ల నిచ్చెను. 1908 డిసెంబరులో ఫ్రాన్సునుండి గాజుబిళ్ళ వచ్చెను. విప్పిచూడగా అందరి ముఖములును వెలవెలబోయెను. కరగిన గాజును మూడు విడతలుగా పోసినందున పొరల నడుమ బుడగలు నిండియుండెను. మరల పోసిన బిళ్ళలు పగిలిపోయెను. చివరకు బుడగల బిళ్ళనే అరుగదీయుటకు నిశ్చయించిరి. ఆ పనికి అయిదేండ్లు పట్టెను.

1917వ సంవత్సరము నవంబరు మాసమున ఒక రాత్రి దూరదర్శినిని మొదట గురుగ్రహము వైపు త్రిప్పిరి. ఆల్ఫ్రెడ్ నోయెస్ అను ఆంగ్లకవియు అచ్చట నుండెను. హేల్ కన్నానించి చూచెను. ఒక గురుగ్రహమునకు మారుగా, ఒకదానిపై ఒకటి పడిన ఆరేడు బింబములు కనబడెను. పది సంవత్సరముల కృషి, లక్షల డాలర్లు వ్యర్థమైనవా? ఎవ్వరును నోరు మెదపలేదు. పగటివేళ పనివారు గోపురపు తలుపును తెరచియుంచగా దర్పణముపై ఎండ పడినదని తెలియవచ్చెను. వేడికి గాజు ఆకారము చెదరెను, చల్లారినచో కుదురుకొనవచ్చును. హేల్ పోయి పరుండెను గాని నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మూడుగంటల ప్రాంతమున చలిలో మరల వచ్చెను. గురుగ్రహము అప్పటికి అందుబాటులో లేదు. అభిజిత్తు నక్షత్రము వైపు త్రిప్పి చూడగా అది సూదిమొనవలె నిర్మలముగా ప్రకాశించెను. తరువాత హబుల్ అను శాస్త్రజ్ఞుడు ఈ దర్పణముతోనే, మన పాలపుంతకు వెలుపల అట్టి నక్షత్రవీథులు మరెన్నియో కలవని 1920 తరువాతి సంవత్సరములలో నిరూపించెను.

ఇంత గొప్ప దర్పణమునకును ఒక తీరని రోగము కలదు. గాజు తనంతట తాను వెలుగును సరిగా ప్రతిఫలింపజేయదు. దానిపై పలుచని లోహపు పూత ఉండవలెను. మన ఇండ్లలోని నిలువుటద్దమునకు ఆ పూత గాజు వెనుక నుండును. గాజు దానిని కాపాడును. దూరదర్శినిలో వెలుగు గాజులోనికి చొరరాదు గనుక పూత ముందు వైపుననే ఉండవలెను. అనగా అది గాలికి బట్టబయలుగా నుండును. ఆ పూత వెండితో వేయుచుండిరి. సిల్వర్ నైట్రేటు ద్రావణములో అమ్మోనియా, చక్కెర మొదలగునవి కలిపి గాజుపై పోసినచో వెండి విడివడి అంటుకొనును. క్రొత్తవెండి నూటికి తొంబదియైదు పాళ్ళకు మించిన వెలుగును మరలించును. కాని గాలిలో నుండు గంధకపు వాయువులు సోకగానే వెండి నల్లబడుట ప్రారంభించును. వెండిగిన్నెలు గల ఇండ్లవారికి ఈ సంగతి తెలియును. ఇత్తడిపాత్రలకు కళాయి పూయించినట్లు, కొద్దికొద్ది మాసములకే దర్పణమును క్రిందికి దింపి, పాతపూత కడిగి, క్రొత్తపూత పూయవలసి వచ్చెడిది. ప్రతిసారియు ఆ గాజునకు ఏమగునో యని ప్రాణములు అరచేత పట్టుకొని పనిచేయవలెను. మరియొక లోపము కూడ కలదు. కంటికి కనబడని అతినీలకిరణములలో ఒక హద్దు దాటగానే వెండి దాదాపు గాజువలె పారదర్శకమైపోవును. మిక్కిలి వేడిగల నక్షత్రములు చెప్పు సమాచారములో మంచిభాగము ఆ కిరణములలోనే యున్నది. అది చేతికందకుండ పోవుచుండెను.

ఈలోపల హేల్ ఆరోగ్యము క్షీణించెను. 1910 ప్రాంతమునుండియు తలనొప్పులు, నిద్రలేమి, మనోవ్యాకులత ఆయనను పీడించుచుండెను. పనిచేయకుండ ఉండలేడు, చేసినచో మంచము పట్టును. నెలలకొలది చికిత్సాలయములలో గడపవలసి వచ్చెను. 1923లో వేధశాలాధ్యక్ష పదవిని విడిచెను. అట్లని ఊరకుండెనా? పాసడీనాలో తన యింటికి సమీపముననే సూర్యపరిశోధనకు ఒక చిన్నశాల కట్టుకొనెను. ఆ యూరి చిన్నకళాశాల కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయముగా మారి జగత్ప్రసిద్ధమగుటకు కారకులైనవారిలో ఆయన ముఖ్యుడు. 1928లో ఒక మాసపత్రికలో పెద్ద దూరదర్శినుల ఆవశ్యకతను గూర్చి వ్యాసము వ్రాసెను. రాక్ఫెల్లరు ధనముతో నడచు విద్యాసంస్థ ఆ సంవత్సరమే అరువదిలక్షల డాలర్లను మంజూరు చేసెను. ఈ తడవ కోరినది రెండువందల అంగుళముల దర్పణము. మన కొలతలో చెప్పినచో పదునారు అడుగులకు మించిన వెడల్పు. ఒక నడితరగతి కుటుంబపు ఇంటి నడిమిగదిలో అది పట్టదు.

గాజు దొరకుటయే కష్టమయ్యెను. కరగించిన స్ఫటికముతో చేయుటకు జరిగిన ప్రయత్నములు విఫలమయ్యెను. తరువాత వేడికి తక్కువగా వ్యాకోచించు పైరెక్స్ గాజుతో కార్నింగ్ నగరపు గాజు కర్మాగారము వారు పూనుకొనిరి. బరువు తగ్గుటకై దర్పణము వెనుకభాగమును తేనెపట్టువలె గదులుగదులుగా పోయవలసి యుండెను. 1934 మార్చిలో మొదటిసారి పోయగా, ఆ గదులను ఏర్పరచు అచ్చుముక్కలు వేడికి ఊడి కరగినగాజుపై తేలెను. డిసెంబరులో మరల పోసిరి. పదినెలలు క్రమక్రమముగా చల్లార్చుచుండగా సమీపమునగల నదికి వరద వచ్చెను. అయినను గాజు దక్కెను. 1936లో అది రైలుపై నిలువునా నిలిచి, ఖండము నొక చివరనుండి మరియొక చివరకు మెల్లగా ప్రయాణము చేసెను. దారిపొడుగున జనులు తీర్థమునకు వచ్చినట్లు గుమిగూడి చూచిరి.

ఇంత శ్రమపడి సంపాదించిన గాజుపై మరల వెండియే పూయుదురా? ఆ ప్రశ్నకు సమాధానము అప్పటికే లభించియుండెను. 1930లో పాసడీనా విద్యాలయమునకు జాన్ స్ట్రాంగ్ అను యువశాస్త్రజ్ఞుడు వచ్చెను. అల్యూమినియమ్‌ను గాజుపై పూయవలెనని ఆయన సంకల్పించెను. వెండివలె ద్రావణమునుండి దానిని దింపుటకు వీలులేదు. ఆవిరిగా మార్చి అంటింపవలెను. గాలిలో ఆవిరి చేసినచో లోహపు పరమాణువులు గాలికణములతో ఢీకొని నల్లనిపొడిగా మారిపోవును. కనుక గట్టిమూతగల పెద్ద ఇనుపతొట్టిలో దర్పణమునుంచి, పంపులతో గాలినంతయు తీసివేయవలెను. ఆ శూన్యములో పరమాణువులు దేనికిని తగులక తిన్నగా పోయి గాజునంటుకొనును.

లోహమును దేనిలో కాచుట యనునది మరియొక చిక్కు. కరగిన అల్యూమినియమ్ మూసలను తినివేయును. స్ట్రాంగ్ మూసలనే మానివేసెను. విద్యుద్దీపములలో వాడు టంగ్‌స్టెన్ తీగను చుట్టగా చుట్టి, దానికి అల్యూమినియమ్ ముక్కలను తగిలించి, తీగలో విద్యుత్తును పారించెను. 660 డిగ్రీల వేడికి అల్యూమినియమ్ కరగును. టంగ్‌స్టెన్ 3400 డిగ్రీలవరకు కరగదు. కరగిన లోహము తడివలె తీగను పట్టుకొని వ్రేలాడుచు, వేడి హెచ్చగానే ఆవిరియై నలుదెసల వ్యాపించును. కొద్ది నిమిషములలో గాజు అద్దమగును. 1932లో ఆయన ఈ విధముగా ఒక ఖగోళదర్పణమునకు పూత వేసెను. కార్నెల్ విశ్వవిద్యాలయములో రాబ్లీ విలియమ్స్ అను శాస్త్రజ్ఞుడును ఇదే కాలమున ఇట్టి కృషి చేయుచుండెను. తరువాత పెద్దదర్పణములకు సరిపడు శూన్యపాత్రలు తయారయ్యెను. 1935లో విల్సన్ పర్వతముపైనున్న నూరంగుళముల దర్పణమునకు వెండి పోయి అల్యూమినియమ్ వచ్చెను. హేల్ అప్పటికి జీవించియుండెను.

అల్యూమినియమ్ వెండికంటె మేలైనదా? క్రొత్తపూతలు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినచో కంటికి కనబడు వెలుగున వెండిదే పైచేయి. అల్యూమినియమ్ నూటికి తొంబదిపాళ్ళు, ఒక్కొకచో అంతకు కొంచెము తక్కువగా మరలించును. కాని ఆ తొంబదిని అది నిలుపుకొనును. గాలి తగిలిన క్షణమే దానిపై అల్యూమినియమ్ ఆక్సైడు పొర ఏర్పడును. ఇనుముపై త్రుప్పు పట్టినచో పెచ్చులుగా రాలి లోపలి ఇనుమును బయటపెట్టును. వెండిపై ఏర్పడు పొర నల్లనిది. అల్యూమినియమ్ పొర యట్లుగాక, మిల్లీమీటరులో పదిలక్షలవ వంతులు కొద్దిపాటి మందమునకు పెరిగి, అచ్చట ఆగిపోవును. అది గట్టిది, నీటివలె స్వచ్ఛమైనది, వెలుగునకు అడ్డురాదు. లోహము తన కవచమును తానే తొడిగికొని, ఆ కవచము కంటబడకుండ దాచుకొనినట్లున్నది! మరియు అతినీలకిరణములను సైతము ఇది చక్కగా మరలించును. భూమిచుట్టునున్న ఓజోను వాయువు విడిచిపెట్టినంత మేరకు ఆ కిరణములన్నియు ఇప్పుడు శాస్త్రజ్ఞులకు దక్కెను. పూత గాజును గట్టిగా పట్టియుండును గనుక దుమ్ముపడినప్పుడు సబ్బునీటితో కడుగవచ్చును కూడ. తీసివేయవలసినప్పుడో, కాస్టిక్ సోడా చాలును. సత్తుగిన్నెను చాకలిసోడాతో తోమరాదని పెద్దలు చెప్పుట ఈ గుణమువలననే.

దర్పణపు పని ముగియుటను హేల్ చూడలేదు. 1938వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన ఆయన పాసడీనాలో కన్నుమూసెను. గాజును అరుగదీయుట అప్పటికి సగములో నుండెను. తరువాత రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పని నిలిచిపోయెను. యుద్ధానంతరము మరల సాగి 1947లో ముగిసెను. అయిదు టన్నుల గాజు పొడియైపోగా పదునాలుగున్నర టన్నుల దర్పణము మిగిలెను. నవంబరులో దానిని పాలొమార్ పర్వతముపైకి చేర్చిరి.

పూత వేయుటకు ముందు గాజు నిష్కళంకముగా నుండవలెను. వ్రేలిముద్ర యంత జిడ్డున్నను ఆ చోట పూత నిలువదు. స్ట్రాంగ్ ఈ శుద్ధికి ఎన్నుకొనిన పదార్థమును వినినవారు మొదట నవ్విరట. అది తలకు రాచుకొను ఒక నూనె! జిడ్డును జిడ్డే పట్టి తెచ్చును. నూనె నంతటను సమముగా రాచి, మెత్తని పొడితో తుడిచివేసినచో పాతమురికి దానివెంట పోవును. నలుగు పెట్టి తలంటుపోసికొను మనకు ఈ ఉపాయము అంత వింతగా తోచదు. తరువాత పెద్ద శూన్యపాత్రలో దానికి అల్యూమినియమ్ పూత వేసిరి.

ఆ పూత మందము సుమారుగా మిల్లీమీటరులో పదివేలవవంతు. తలవెండ్రుక దానికి కొన్నివందల రెట్లు మందముగా నుండును. దర్పణము నడుమనున్న రంధ్రమును విడిచి లెక్కించినచో వైశాల్యము దాదాపు పందొమ్మిదిన్నర చదరపు మీటర్లు. అల్యూమినియమ్ సాంద్రత 2.7. గుణించి చూడగా గాజుపైనున్న లోహమంతయు అయిదు గ్రాముల చిల్లర. అనగా అరతులమునకును తక్కువ. నక్షత్రముల వెలుగును మరలించునది ఆ అయిదు గ్రాములే. పదునాలుగున్నర టన్నుల గాజును, దానిని మోయు వందలటన్నుల ఉక్కును, ఆ అయిదు గ్రాముల లోహమును సరియైన ఆకారమున నిలిపియుంచుటకే కలవు.

1948 జూన్ 3వ తేదీన ఈ దూరదర్శినిని హేల్ పేర ప్రతిష్ఠించిరి. మరుసటి జనవరిలో హబుల్ దీనితో తొలి ఛాయాచిత్రమును తీసెను. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన వేణుబప్పు, హార్వర్డులో పట్టము పొంది, తరువాత ఈ పాలొమార్, విల్సన్ పర్వతముల వేధశాలలలో పనిచేసెను. విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలసి ఆయన కనుగొనిన సూత్రము 1957లో వెలువడి, వారిరువురి పేర ప్రసిద్ధి కెక్కెను. ఆయన స్వదేశమునకు వచ్చి తలపెట్టిన 2.34 మీటర్ల దర్పణము తమిళనాడులోని కావలూరులో 1986లో పనిచేయ నారంభించెను. హేల్‌వలె బప్పుకూడ తన దర్పణమును చూడక 1982లోనే మరణించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి నలువదియెనిమిది అంగుళముల దూరదర్శిని 1968లో జపాల్-రంగాపూర్‌లో వెలసెను.

అల్యూమినియమ్ పూత వేధశాలలలోనే నిలిచిపోలేదు. మోటారుబండ్ల దీపములలో వెలుగును ముందునకు త్రోయునదియు, బిస్కత్తుల పొట్లములలో తేమచొరకుండ కాపాడు తళతళలాడు పొరయు ఇదియే. 1960లో ఆకాశమునకు పంపిన ఎకో అను బుడగ ఉపగ్రహముపై నుండినదియు అల్యూమినియమ్ పూతయే. 1990లో భూమిచుట్టు తిరుగుటకు పంపబడిన హబుల్ దూరదర్శిని దర్పణముపైనను అల్యూమినియమ్ కలదు. గాలిలేని అంతరిక్షములో అతినీలకిరణములు మరింత దూరమువరకు లభించును గనుక, ఆక్సైడు పొర పుట్టి వానిని ఆపకుండుటకై దానిపై మెగ్నీషియమ్ ఫ్లోరైడు అను మరియొక పలుచని పొర వేసిరి.

పాలొమార్‌పైనున్న దూరదర్శిని నేటికిని రాత్రులు పనిచేయుచున్నది. కొన్ని యేండ్ల కొకసారి దర్పణమును దింపుదురు. పాతపూతను కడిగివేయగానే అది పచ్చిగాజుగా మారి, గదులుగదులుగానున్న దాని వెనుకభాగము ముందునుండియే కనబడును. దానిని శూన్యపాత్రలోనికి చేర్చి, గాలి తీసి, తీగలకు విద్యుత్తు నిత్తురు. మూత తెరచునప్పటికి అది మరల అద్దమైయుండును.